బెజ్జం చుట్టూ చూడు

"ఒరేయ్, అట్ట సంగతి తర్వాత. ముందు బెజ్జం చుట్టూ చూడు."

లండన్‌లో సోహో పేట, బెర్విక్ స్ట్రీట్. పాత రికార్డులమ్మే కొట్లో నా పక్కన నిలబడి మా నాన్న అన్న మాట ఇది. ఆయన తెనాలి నుంచి వచ్చి అప్పటికి మూడు వారాలైంది. నా చేతిలో ఉన్నది క్వీన్ బృందం 'గ్రేటెస్ట్ హిట్స్', 1981 నాటి ఎల్పీ. అంచులు నలిగాయా, వెనకవైపు ఎవరైనా పెన్నుతో గీకారా అని నేను అట్టను తిరగేసి మరగేసి చూస్తున్నాను. నాన్న దాన్ని నా చేతిలోంచి తీసుకుని, లోపలి కాగితపు కవరులోంచి ప్లేటును మెల్లగా బయటికి జార్చారు. గాళ్లకు వేళ్లు తగలకుండా రెండు అరచేతుల మధ్య అంచులు పట్టుకుని, దీపం వైపు ఏటవాలుగా ఎత్తారు. ఎప్పుడో యాభై ఏళ్ల కిందటి అలవాటు. చేతులు మరిచిపోలేదు.

లేబులు నడుమ బెజ్జం చుట్టూ సన్నని తెల్లటి గీతలు, సాలెపోగుల్లా.

"ప్లేటు పెట్టేటప్పుడు కడ్డీ ఎక్కడుందో దొరక్క తడుముకుంటాం చూడు, ఆ గీతలివి. ఇన్నున్నాయంటే దీన్ని వందలసార్లు వేసుంటారు."

"అయితే వద్దా నాన్నా?"

"వద్దని ఎవరన్నారు? బాగా విన్న ప్లేటు అంటున్నాను. దానికి తగ్గ ధరేనా అని చూసుకో."

ఆ రోజు కొనలేదు. మళ్లీ వస్తామని చెప్పి బయటపడ్డాం. కానీ ఆ మాట పట్టుకుని నేను రెండు నెలలు తిరిగాను. పాటల జాబితా ఒకటే అయినా ఏ రెండు ప్లేట్లూ ఒకటి కావని, ప్లేటు కొనడమంటే పాటలు కొనడం ఒక్కటే కాదని తెలిసొచ్చింది ఆ తిరుగుళ్లలోనే.

బ్రిటన్ చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడైన ఆల్బమ్ ఇది. 1981 అక్టోబరులో విడుదలైంది. 2022 జులైలో ఒక్క బ్రిటన్‌లోనే 70 లక్షలు దాటింది. అంతకు ముందు ఆ దేశంలో ఏ ఆల్బమూ ఆ అంకెను చూడలేదు. అందులో ఎల్పీలూ, క్యాసెట్లూ, సీడీలూ, ఇప్పుడు ఫోన్లలో వింటున్న లెక్కా అన్నీ కలిసే ఉన్నాయి. ఇంతగా అమ్ముడైన వస్తువు వీధికొకటి దొరకాలి కదా. దొరుకుతుంది. దానధర్మాల కోసం పాత సామాను అమ్మే కొట్లలో, ఆదివారాలు కార్ల డిక్కీలు తెరిచి పెట్టుకునే సంతల్లో పింగాణీ ప్లేట్ల పక్కన కూడా కనిపిస్తుంది. దొరకనిదల్లా గీత పడని కాపీ.

ఎందుకంటే దీన్ని దాచుకోవడానికి ఎవరూ కొనలేదు. పదిమంది మాత్రమే కోరుకునే అరుదైన రికార్డును కొన్నవాడు రెండుసార్లు విని, ప్లాస్టిక్ సంచిలో పెట్టి బీరువా ఎక్కిస్తాడు. ఈ ప్లేటు పుట్టినరోజులకు తిరిగింది. క్రిస్మస్ రాత్రుళ్లు తిరిగింది. పిల్లలు మంచం మీద గెంతుతుంటే ముల్లు ఎగిరి పక్క గాడిలో పడింది. మనం 'అరిగిపోయిన రికార్డు' అనే మాటను విసుగొచ్చినప్పుడు వాడతాం, చెప్పిందే చెప్పేవాళ్ల గురించి. ఇప్పుడు ఆ మాట వింటే నాకు మరొకటి తోస్తుంది: అరగడానికి ముందు అన్నిసార్లు ఎవరో ఇష్టపడి విన్నారు.

రికార్డులు పోగుచేసే పెద్దమనుషుల్లో చాలామందికి ఇలాంటి సంకలనాలంటే చిన్నచూపు. ఆల్బమ్ అంటే బృందం ఒక కాలంలో, ఒక ఊపులో చేసిన పని అనీ, హిట్లన్నీ ఏరి ఒకచోట కుట్టడం కంపెనీ వ్యాపారమనీ వాళ్ల వాదన. వ్యాపారమన్నది నిజమే. టీవీలో ప్రకటనలిచ్చి అమ్మే రికార్డుల వరసలోనే ఈఎమ్ఐ కంపెనీ దీన్ని వేసింది. దాని నంబరులోనే ఆ సంగతి ఉంది: ఈఎమ్‌టీవీ 30. కానీ క్వీన్ విషయంలో ఆ చిన్నచూపుకు నేను ఒప్పుకోను. వాళ్లు ఒక్కో పాటకూ ఒక్కో లోకం కట్టినవాళ్లు. ఒపెరా పక్కన రాకబిల్లీ, దాని పక్కన గాస్పెల్, ఆ పక్కన డిస్కో బేస్ దరువు. ఇన్ని ఒకచోట పెడితేనే ఆ నలుగురి విస్తీర్ణం తెలుస్తుంది.

ఫెల్తమ్ వీధి

నేనుండేది పడమటి లండన్‌లో, విమానాలు తల మీదుగా దిగే దారిలో. హౌన్‌స్లో, ఫెల్తమ్ ప్రాంతాల్లో ఇప్పుడు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. శనివారం పిల్లల్ని తెలుగు బడికి దింపి, కూరగాయలు కొనుక్కుని, అదే దారిలో ఇంటికి వస్తాం. ఆ దారికి కాస్త పక్కన, ఫెల్తమ్‌లో 22 గ్లాడ్‌స్టోన్ అవెన్యూ అనే చిన్న ఇల్లుంది. 2016 సెప్టెంబరులో దాని గోడకు ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ నీలం ఫలకం బిగించింది. క్వీన్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ కుటుంబం ఇంగ్లండులో మొదట కాపురం పెట్టిన ఇల్లది.

అతని అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. పార్శీ కుటుంబం. గుజరాత్‌లోని వల్సాడ్‌ను ఒకప్పుడు బుల్సార్ అనేవారు, ఇంటిపేరు అక్కడిదే. పుట్టింది 1946లో, జాంజిబార్‌లో. ఎనిమిదేళ్ల వయసులో ఓడెక్కించి పాంచ్‌గనిలోని సెయింట్ పీటర్స్ బడికి పంపారు. పియానో నేర్చుకున్నది, తోటి పిల్లలతో హెక్టిక్స్ అనే మొదటి బృందం కట్టింది ఆ మహారాష్ట్ర కొండ మీదే. 1964లో జాంజిబార్‌లో విప్లవం వచ్చినప్పుడు కుటుంబమంతా రెండు మూడు పెట్టెలతో ఫెల్తమ్ చేరింది. అప్పటికి అతనికి పదిహేడేళ్లు. హీత్రో విమానాశ్రయంలో సామాన్లు మోశాడు, ఈలింగ్ కళాశాలలో బొమ్మలు వేయడం నేర్చాడు, తర్వాత క్వీన్‌లో డ్రమ్ములు వాయించిన రోజర్ టేలర్‌తో కలిసి కెన్సింగ్టన్ మార్కెట్‌లో పాత బట్టలమ్మాడు.

నాన్నను ఆ ఇంటి ముందుకు తీసుకెళ్లాను. చూడ్డానికి ఏమీ లేదు, వీధిలో అన్నీ అలాంటి ఇళ్లే. ఆయన కాసేపు నిలబడి, "ఈ అబ్బాయి వాళ్ల నాన్న ఏం చేసేవాడు?" అని అడిగారు. జాంజిబార్‌లో ఉన్నప్పుడు బ్రిటిష్ ప్రభుత్వ కొలువులో క్యాషియరని చెప్పాను. "గుమాస్తా కొడుకన్నమాట," అన్నారు. ఆయన కూడా గుమాస్తాగానే పదవీ విరమణ చేశారు.

ఒక్క ప్లేటులో గంట

ఈ ఎల్పీలో 17 పాటలున్నాయి. మొదటివైపు ఎనిమిది, రెండోవైపు తొమ్మిది. మొత్తం 58 నిమిషాలు. అంటే ఒక్కో వైపు దాదాపు 29 నిమిషాలు. ఎల్పీ గురించి కొంచెమైనా తెలిసినవాళ్లు ఈ అంకె విని కనుబొమలెగరేస్తారు. మామూలుగా ఒకవైపు ఇరవై నిమిషాల దగ్గర ఆగితే ధ్వని హాయిగా ఉంటుంది. అంతకు మించిన ప్రతి నిమిషానికీ ఎక్కడో ఒకచోట కోత పడుతుంది.

కోత ఎక్కడ పడుతుందో లెక్క వేసి చూస్తే నాకే ఆశ్చర్యమేసింది. ఎల్పీ నిమిషానికి ముప్పై మూడూ మూడోవంతు చుట్లు తిరుగుతుంది. అంటే మూడు నిమిషాలకు సరిగ్గా వంద చుట్లు. 29 నిమిషాలకు 960కి పైగా. పాట చెక్కడానికి దొరికే పట్టీ వెడల్పు బయటి అంచు నుంచి లేబులు దాకా ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. ఆ కాస్త చోటులో 960 చుట్లు పట్టాలంటే చుట్టుకూ చుట్టుకూ మధ్య మిల్లీమీటరులో పదోవంతు కూడా దక్కదు. గాడి అంటే కదలికే. బేస్ గిటారు గట్టిగా మోగితే గాడి అటూ ఇటూ పాములా మెలికలు తిరగాలి. మెలిక తిరగడానికి చోటు లేకపోతే చెక్కే ఇంజినీరుకు రెండే దారులు: మొత్తం ధ్వనిని తగ్గించడం, లేదా బేస్‌ను పల్చన చేయడం. అందుకే పాత ఎల్పీలో 'అనదర్ వన్ బైట్స్ ది డస్ట్' దరువు రేడియోలో విన్నంత బరువుగా గుండెల మీద పడదు. ధ్వని తగ్గితే మనం వాల్యూమ్ పెంచుతాం. దాంతోపాటే దుమ్ము చిటపటలూ పెరుగుతాయి.

ఇంకో చిక్కుంది. ప్లేటు ఒకే వేగంతో తిరుగుతున్నా, ముల్లు కింద గాడి పరుగు మాత్రం ఒకే వేగంతో ఉండదు. బయటి అంచు దగ్గర సెకనుకు యాభై సెంటీమీటర్ల గాడి ముల్లు కింద నుంచి జారిపోతుంది. లేబులు దగ్గరికి వచ్చేసరికి ఇరవయ్యే. అదే ఒక్క సెకను పాటను సగానికన్నా తక్కువ చోటులో ఇరికించాలి. అందుకే ఏ ఎల్పీలోనైనా చివరి పాట దగ్గర 'స', 'ష' లాంటి అక్షరాలు చీలినట్టు వినిపిస్తాయి. గట్టి పాటల్ని అంచు వైపు, మెత్తని పాటల్ని నడుమ వైపు పెట్టమని ఇంజినీర్లు కోరుకునేది ఇందుకే. ఈ ప్లేటులో ఆ కోరిక సగమే తీరింది. 'బొహీమియన్ రాప్సొడీ' మొదటివైపు తొలిపాట, అంటే అన్నిటికన్నా మంచి నేల దానిదే. రెండోవైపు చిట్టచివర, అన్నిటికన్నా ఇరుకైన చోట నిలబడింది 'వి ఆర్ ది ఛాంపియన్స్'. వేలమంది గొంతు కలిపే పాట. అంత పాటకు దక్కింది ప్లేటు మొత్తంలో అతి చిన్న చుట్టు. అరిగిన కాపీల్లో మొదట చెడేదీ అదే పాట. పాత కాపీ కొనేవాళ్లు కొట్లో వినే అవకాశం దొరికితే మొదటి పాట వినకండి. ముల్లును నేరుగా ఈ చివరి పాట మీద పెట్టండి. అది బాగుంటే మిగతావన్నీ బాగున్నట్టే.

ఈ ఇరుకును విప్పడానికే 2016లో ఇదే సంకలనాన్ని రెండు ప్లేట్ల మీద వేశారు. ఆబీ రోడ్ స్టూడియోలో సగం వేగంతో చెక్కించారు. అంటే చెక్కే యంత్రాన్నీ, పాటనూ రెంటినీ సగం వేగంతో నడుపుతారు. సూది మీద ఒత్తిడి తగ్గుతుంది, తాళాల ఝంకారం లాంటి సన్నని శబ్దాలు శుభ్రంగా పడతాయి. ఒక్కో వైపూ నాలుగైదు పాటలే. బేస్‌కు మెలిక తిరిగే చోటు దొరికింది. నేను ఆ రెండు ప్లేట్ల కాపీ కూడా కొన్నాను. ధ్వని ఒక్కటే మీకు ముఖ్యమైతే సందేహం లేకుండా అదే తీసుకోండి. ఆ దరువు మా గది నేలలోంచి అరికాళ్లకు తగిలింది. పోయిందేమిటంటే వరస. గంటలో మూడుసార్లు లేవాలి. 'కిల్లర్ క్వీన్' నుంచి 'సేవ్ మీ' దాకా ఊపిరి తీసుకోకుండా సాగే ఆ పాత ప్రవాహం అందులో లేదు.

ఏ దేశపు ప్లేటు?

ఒకే పేరు ఉంది కదా అని కొనేయకూడదని తెలిసింది మరో కాపీ చేతిలోకి వచ్చినప్పుడు. అట్ట మీద అదే పేరు. లోపల మాత్రం 14 పాటలే. 1981లో అమెరికాలో ఎలెక్ట్రా కంపెనీ వేసిన ప్లేటది. అందులో డేవిడ్ బోవీతో కలిసి పాడిన 'అండర్ ప్రెషర్' ఉంది, బ్రిటన్ ప్లేటులో లేదు. ఆ పాట సింగిల్‌గా విడుదలైంది కూడా 1981 అక్టోబరులోనే. సంకలనం సిద్ధమయ్యే వేళకు అది ఇంకా కొత్త సరుకు. మరోవైపు అమెరికా ప్లేటులో 'డోంట్ స్టాప్ మీ నౌ' లేదు. ఇప్పుడు ప్రతి పెళ్లి విందులోనూ మోగే ఆ పాట ఆ రోజుల్లో అమెరికాలో పెద్దగా ఆడలేదు. 'కీప్ యువర్‌సెల్ఫ్ అలైవ్' అక్కడ ఉంది, ఇక్కడ లేదు. 1973లో వచ్చిన వాళ్ల మొట్టమొదటి సింగిల్ అది. బ్రిటన్ పట్టికలోకే ఎక్కలేదు. బ్రిటన్ ప్లేటుకు ఎంచుకున్న పదిహేడూ ఆ దేశంలో మొదటి ఇరవై స్థానాల్లోకి చేరినవే. అందుకే దాని పేరు అక్షరాలా నిజం.

పాటల పేర్ల పక్కన రాసినవాళ్ల పేర్లు చదువుతూ కూర్చుంటే ఇంకో విషయం బయటపడింది. పదిహేడులో పది మెర్క్యురీవి, ఐదు గిటారు వాయించే బ్రయన్ మేవి, రెండు బేస్ వాయించే జాన్ డీకన్‌వి. డ్రమ్ములు వాయించే రోజర్ టేలర్‌ది ఒక్కటీ లేదు. 'బొహీమియన్ రాప్సొడీ' సింగిల్‌కు వెనకవైపు ఉన్నది కారు మీద అతను రాసిన పాట. ముందువైపు పాట కోసం కొన్న ప్రతివాడూ వెనకవైపు పాటకూ డబ్బు కట్టినట్టే కాబట్టి రాయల్టీ అతనికీ సమానంగా వచ్చింది. దాని మీద బృందంలో చాలాకాలం గొడవ నడిచింది. అతని రోజు 1984లో 'రేడియో గా గా'తో వచ్చింది. అది 1991లో వేసిన రెండో సంకలనంలో చేరింది. నలుగురూ హిట్లు రాసిన బృందమని అందరం అంటాం. ఈ ప్లేటు నాటికి ఆ మాట పూర్తిగా నిజం కాలేదు. అయినా దాదాపు అన్ని పాటల వెనకా ఆ డ్రమ్ములే, పైస్థాయిలో సాగే ఆ సన్నని గొంతు అతనిదే.

వాళ్ల పనితనం గురించి ఒక్కటి చెప్పాలి. 'బొహీమియన్ రాప్సొడీ'లో వినిపించే ఆ జనసమూహం ముగ్గురే: మెర్క్యురీ, మే, టేలర్. 1975 వేసవిలో వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోలో మొదలుపెట్టి, ఒక గొంతు మీద ఇంకో గొంతు, దాని మీద మరొకటి చేర్చుకుంటూ పోయారు. టేపు తలల కింద అన్నిసార్లు తిరిగి తిరిగి, దాని మీది పూత అరిగి, వెలుతురుకు పెడితే అవతలివైపు కనిపించేదని బ్రయన్ మే చాలాసార్లు చెప్పాడు. మేము కొట్లలో గీతలు వెతుకుతూ తిరిగిన ఈ పాట, ప్లేటు ఎక్కకముందే ఒకసారి అరిగిపోయింది.

అప్పడంలా వచ్చిన కాపీ

బెర్విక్ స్ట్రీట్ కాపీ వదిలేశాక, శుభ్రమైనది కావాలన్న పంతంతో ఇంటర్నెట్‌లో ఒకతని దగ్గర కొన్నాను. 'దాదాపు కొత్తది' అని రాశాడు. ఈ వ్యాపారంలో స్థితిని చెప్పడానికి ఒక మెట్ల వరస ఉంది: అన్నిటికీ పైన మింట్, దాని కింద నియర్ మింట్, తర్వాత వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, గుడ్. మాటల్ని చూసి మోసపోకూడదు. 'గుడ్' అంటే మంచిదని కాదు, బాగా దెబ్బతిన్నదని. 'వెరీ గుడ్' అంటే చిటపటలు పాట మధ్యలోనూ వినిపిస్తాయని. శ్రద్ధగా వినాలనుకునేవాళ్లు వెరీ గుడ్ ప్లస్ కంటే కిందికి దిగకపోవడం మంచిది.

నాకు వచ్చిన ప్లేటుకు గీతలేమీ లేవు. కానీ టర్న్‌టేబుల్ మీద పెట్టగానే నూనెలో వేసిన అప్పడంలా అంచు పైకి లేచింది. ముల్లు చుట్టుకొకసారి గుట్టెక్కి దిగుతూ ఉంటే గొంతు ఊగింది. ఎవరో దాన్ని వేడి తగిలే చోట పెట్టి ఉంటారు. ప్లేటు పీవీసీతో చేసింది, వేడికి మెత్తబడుతుంది. అది చూసి నాన్న ఏమీ అనలేదు. తెనాలిలో మా మేడ గదిలో, ఒక మే నెలలో ఆయన పాత ప్లేట్లు సగం ఇలాగే పోయాయి. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఉంచాం. ప్లేట్లను పుస్తకాల్లా నిలబెట్టాలని, పైవాటి బరువే కింది వాటిని వంచుతుందని అప్పుడు మాకు తెలియదు. మన ఊళ్లలో కొత్తగా ప్లేట్లు కొంటున్న పిల్లలకు నేను ముందుగా చెప్పేది ఇదే: మీ శత్రువు దుమ్ము కాదు, ఎండ. పై అంతస్తు గదుల్లో, పడమటి గోడకు ఆనించి పెట్టకండి, కారులో అస్సలు వదిలేయకండి.

దుమ్ముకు మందుంది. డిస్టిల్డ్ వాటర్, మెత్తని బట్ట, వినే ముందు ఒకసారి తుడవడానికి కార్బన్ పోగుల బ్రష్ ఉంటే చాలు. గాడి లోపలి గోడ చెడితే మాత్రం మందు లేదు. అరిగిన ముల్లుతో పదేపదే వేసిన ప్లేటులో గోడలే గీసుకుపోతాయి. ఎంత కడిగినా ఆ గరగర పోదు. మంచి టర్న్‌టేబుల్‌లో ముల్లు బరువు రెండు గ్రాముల చుట్టూ ఉంటుంది. చిన్న సూట్‌కేసు ఆకారంలో చవగ్గా అమ్మే వాటిలో అంతకు రెండు మూడు రెట్లు ఉంటుంది. అందంగా ఉంటాయి కాబట్టి కానుకలుగా ఇస్తున్నారు. కష్టపడి వెతికిన ప్లేటును వాటి మీద మాత్రం పెట్టకండి.

అమ్మినతనికి ఉత్తరం రాస్తే పంపేటప్పుడు బాగానే ఉందన్నాడు. నా డబ్బు తిరిగి రాలేదు.

హేస్, దమ్‌దమ్

ప్లేటును దీపం కింద వంచి చూస్తే, చివరి పాట అయిపోయాక లేబులు దాకా ఉండే నున్నటి ఖాళీ పట్టీలో అంకెలూ అక్షరాలూ చెక్కి ఉంటాయి. అది ఆ ప్లేటు జాతకం. ఏ చెక్కడం నుంచి పుట్టిందో అందులోనే ఉంటుంది. ఈఎమ్ఐ ప్లేట్లకు ఒక ముచ్చటైన పద్ధతి ఉండేది. అచ్చు నంబరును అంకెల్లో వేయకుండా, 'గ్రామఫోన్ లిమిటెడ్' అనే పేరును కుదించి, వేర్వేరుగా ఉన్న పది ఇంగ్లిష్ అక్షరాల్ని తీసుకుని, ఒకటికి జీ, రెండుకు ఆర్, మూడుకు ఏ అంటూ వాడేవారు. పక్కన జీ ఒక్కటే కనిపిస్తే మొదటి అచ్చుతో నొక్కిన ప్లేటన్నమాట.

ఆ కంపెనీ ప్లేట్లు నొక్కిన ఊరు హేస్. మా ఇంటి నుంచి బస్సులో వెళ్లే దూరం. 1907లో అక్కడి గ్రామఫోన్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది నెల్లీ మెల్బా అనే గాయని. ఇప్పుడక్కడ అపార్టుమెంట్లు వచ్చాయి. 'ఓల్డ్ వైనల్ ఫ్యాక్టరీ' అని పేరు మాత్రం మిగిల్చారు. నాన్నను అక్కడికీ తీసుకెళ్లాను. ఫెల్తమ్ ఇంటి ముందు నిలబడినట్టు కాదు, ఇక్కడ చాలాసేపు నిలబడ్డారు.

"మన ప్లేట్లు కూడా ఇక్కడివేనా?"

"మనవి కలకత్తా దగ్గర దమ్‌దమ్‌లో చేసేవాళ్లు నాన్నా. కంపెనీ మాత్రం ఒకటే."

నిజంగానే ఒకటే. గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా ఆ రోజుల్లో ఈఎమ్ఐకి చెందిన శాఖగా ఉండేది. మన ఇళ్లలోకి హెచ్ఎమ్‌వీ కుక్క బొమ్మతో వచ్చిన ప్లేట్లన్నీ దానివే. ఘంటసాల చివరి రోజుల్లో పాడిన భగవద్గీత మా ఇంట్లో ఆ బొమ్మతోనే ఉండేది. కార్తీక మాసం తెల్లవారుజామున మొదలయ్యేది. నాయనమ్మ మళ్లీ వెయ్యమంటే ముల్లును ఎక్కడ దింపాలో నాన్నకు కంటిచూపుతోనే తెలిసేది. ఆ ప్లేటు ఇప్పుడు లేదు. ఆ మేడ గది ఎండాకాలంలో పోయిన వాటిలో అదీ ఒకటి.

హేస్ నుంచి తిరిగి వస్తూ బస్సులో నాన్నే అడిగారు, "ఆ రోజు చూసిన ప్లేటు ఉందంటావా ఇంకా?"

ఉంది. అదే పెట్టెలో, అదే వరసలో. గీతలు చూపించి అడిగితే కొట్టతను రెండు పౌండ్లు తగ్గించాడు. ఎనిమిది పౌండ్లకు ఇచ్చాడు. ఇంటికి తెచ్చి డిస్టిల్డ్ వాటర్‌తో రెండువైపులా తుడిచి ఆరబెట్టాక, నాన్న దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. ప్లేటు మీద పాటకూ పాటకూ నడుమ నున్నటి సన్నని గీర ఉంటుంది కదా. మొదటివైపు ఆ గీరలన్నీ నల్లగా మెరుస్తున్నాయి. రెండోవైపు, మొదటి పాటకూ రెండో పాటకూ నడుమనున్న గీర మాత్రం నెరిసినట్టుంది. దగ్గరికి తెచ్చి చూస్తే దాని నిండా సూది మొన గుచ్చినట్టు చిన్నచిన్న చుక్కలు. ముల్లు దిగిన గుర్తులు. ఎవరో ఆ ఇంట్లో, మొదటి పాటను దాటించి, రెండో పాట మొదట్లోనే ముల్లును దింపేవారు. ఒకసారి కాదు, కొన్ని ఏళ్లపాటు.

"ఏం పాటది?" అన్నారు నాన్న.

అట్ట వెనక చదివాను. 'సమ్‌బడీ టు లవ్'. 1976లో వచ్చింది. అరీతా ఫ్రాంక్లిన్ పాడే చర్చి పాటల మీది ఇష్టంతో మెర్క్యురీ రాసింది. ఇక్కడా ఒక పెద్ద బృందగానంలా వినిపించేది ఆ ముగ్గురి గొంతులే.

మా అమ్మాయి పక్కన కూర్చుని ఉంది. "తాతయ్యా, ఈ పాట నాకొచ్చు. మా స్కూల్లో పాడాం," అంది.

"అయితే అదే పెడదాం."

టర్న్‌టేబుల్‌కు ముల్లును మెల్లగా దింపే మీట ఉంది. నాన్న దాన్ని ముట్టుకోలేదు. చూపుడువేలి కొనతో చేతిని ఎత్తి, తల వంచి, ఊపిరి బిగపట్టి, ఆ నెరిసిన గీర మీద సరిగ్గా దింపారు. వాళ్లు దింపిన చోటే. చిటచిటమని నాలుగు చప్పుళ్లు. ఆ తర్వాత ముగ్గురి గొంతులు.